కార్బురేటరు నుండి ఇంజక్షన్‌కు : డిండోలిలో ఒక పాత అంబాసిడర్

2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజి-6 ప్రమాణాలు అమలులోకి వచ్చిన పిదప మన దేశంలో కొత్త మోటారు సైకిళ్ళలో సైతం కార్బురేటరు దాదాపు కనుమరుగైనది. ఇంటి ముందు బండికి చోక్ లాగి, కిక్కు కొట్టి, ఒక చెవి ఇంజను వైపు పెట్టి నిలబడే దృశ్యం నేటి పిల్లలకు తెలియదు. కార్ల విషయంలో ఈ మార్పు ఇంకా ముందే జరిగినది. 1999 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం మేరకు రాజధాని ప్రాంతంలో అదే సంవత్సరం జూన్ 1 నుండి యూరో-1, 2000 ఏప్రిల్ 1 నుండి యూరో-2 ప్రమాణాలు పాటించవలసి వచ్చినది. 1983 డిసెంబరులో కార్బురేటరుతో రోడ్డెక్కిన మారుతి 800 ఆ ఒత్తిడి వల్లనే 2000 నాటికి మల్టీపాయింట్ ఇంజక్షన్‌ను ధరించినది. అంబాసిడర్‌కు కూడ ఇసుజు వారి 1817 సి.సి. ఇంజనుతో పాటు తరువాతి కాలంలో ఇంజక్షన్ వచ్చి చేరినది.

ఇవన్నీ కర్మాగారంలో, ఇంజనీర్ల బృందాలు చేసిన మార్పులు. అయితే యాభై ఏళ్ళ నాటి ఇంజను మీద, ఒక వీధి చివరి షెడ్డులో ఇదే పని చేయవచ్చునా? చేస్తే ప్రయోజనమెంత? ఈ ప్రశ్న నాకు సూరత్ నగరంలోని డిండోలిలో ఎదురైనది. వాహనాలు, పరికరాలు, నియంత్రణ వ్యవస్థల పట్ల ఆసక్తి గల మన సహోద్యోగులకు, వారి కుటుంబ సభ్యులకు ఆ వివరాలు ఉపయోగపడగలవని ఈ వ్యాసం.

డిండోలి గురించి రెండు మాటలు

ఉధ్నా రైల్వే స్టేషను దాటి, జల్‌గావ్ వైపు పోయే మార్గం పక్కన విస్తరించిన ప్రాంతం డిండోలి. ఇక్కడా, చుట్టుపక్కల లింబాయత్, ఉధ్నా పేటలలోనూ తెలంగాణ జిల్లాల నుండి తరలివచ్చిన పద్మశాలి కుటుంబాలు అధికంగా ఉన్నవి. చేతిమగ్గం నుండి మరమగ్గానికి, షటిల్ మగ్గం నుండి రేపియర్, వాటర్‌జెట్ మగ్గాలకు వీరి కళ్ళ ముందే పరిశ్రమ మారినది. అట్టముక్కలకు రంధ్రాలు కొట్టి నమూనాను నడిపించిన జకార్డు స్థానే ఎలక్ట్రానిక్ జకార్డు వచ్చినది. మగ్గం చట్రం అదే, పడుగు అదే, పేక అదే. ఏ పోగు లేవాలో చెప్పే బుద్ధి మాత్రం మారినది. ఆ మార్పును చేతులతో చేసినవారికి కార్బురేటరు స్థానంలో ఇంజక్షన్ అంటే ఏమిటో వివరించుట నాకు చాల సులువైనది. ఇంజనీరింగ్ కళాశాలలో కూడ అంత త్వరగా అర్థం చేసుకొన్నవారిని నేను అరుదుగా చూచితిని.

ప్రస్తుత కథలోని కారు 1974 నాటి అంబాసిడర్ మార్క్-2. యజమాని ఎనభయ్యో పడికి దగ్గరలో ఉన్న పెద్దాయన. కరీంనగర్ ప్రాంతం నుండి యువకునిగా వచ్చి, మగ్గం పనితో మొదలుపెట్టి, సొంత మగ్గాలు పెట్టుకొన్న తరువాత కొన్న మొదటి కారు. పిల్లల పెళ్ళిళ్ళన్నిటికీ అదే కారు. కుమారుడు మగ్గాల ఎలక్ట్రానిక్ పనులు ఎరిగినవాడు. రెండేళ్ళుగా వేసవిలో ఆ కారు దారి మధ్య ఆగిపోవుట, తెల్లవారి స్టార్టు కాకపోవుట, పెట్రోలు వాసన వేయుట ఎక్కువైనవి. దానిని ఇంజక్షన్‌కు మార్చుదామని కుమారుడు, అక్కరలేదని తండ్రి. వారిద్దరి నడుమ నన్ను పిలిచినారు.

కార్బురేటరు చేసే పని

కార్బురేటరును నేటివారు చులకనగా మాట్లాడుట విని నాకు కొంత బాధ కలుగును. 1893లో జర్మనీలో విల్హెల్మ్ మేబాక్, అదే సంవత్సరం హంగేరీలో బాంకి, చోంకా అనువారు సన్నని గొట్టం నుండి పెట్రోలును గాలిలోకి తుంపరగా చిమ్మే పద్ధతిని రూపొందించినారు. ఇరుకు మార్గంలో గాలి వేగం పెరిగినపుడు పీడనం తగ్గును; ఆ తగ్గుదల పెట్రోలును పైకి లాగును. గాలి ఎంత ఎక్కువైతే పెట్రోలు అంత ఎక్కువ. కరెంటు లేదు, లెక్కలు కట్టే యంత్రం లేదు, అయినను పని జరిగిపోవును.

మన అంబాసిడర్‌లో ఉన్న ఎస్.యు. కార్బురేటరు మరింత తెలివైనది. అందులో ఒక పిస్టను ఇంజను పీల్చుకొనే గాలిని బట్టి పైకి క్రిందికి ఆడును. దాని అడుగున ఉన్న మొన తేలిన సూది జెట్‌లో లోనికీ వెలుపలికీ కదులుచు, ఎంత పెట్రోలు పోవాలో నిర్ణయించును. ఆ సూది వ్యాసం పొడవునా ఎక్కడెక్కడ ఎంత ఉండాలో ఇంజనీర్లు నిర్ధారించి చెక్కినారు. అనగా, ఈనాడు కంప్యూటరు జ్ఞాపకంలో ఉండే పట్టిక ఆనాడు ఇత్తడి సూది మీద చెక్కబడి ఉండెను. పై మూతలో పోసే కాస్త నూనె సైతం ఊరక లేదు. యాక్సిలరేటరు హఠాత్తుగా తొక్కినపుడు పిస్టను వేగంగా లేవకుండా పట్టి ఉంచి, ఒక్క క్షణం మిశ్రమాన్ని చిక్కగా చేయును. పికప్ అక్కడి నుండి వచ్చును.

దీని లోపమేమనగా, తాను ఇచ్చిన మిశ్రమం సరిగా మండినదా లేదా అన్నది దానికి తెలియదు. మన ప్లాంటులో పనిచేసేవారికి ఇది వెంటనే బోధపడును. బాయిలరుకు గాలి, ఇంధనం నిష్పత్తి ఒకసారి సరిచేసి వదలివేయము గదా! పొగగొట్టంలో ఆక్సిజన్ ఎనలైజరు పెట్టి, అది చెప్పిన దానిని బట్టి డాంపరును సవరించుచుందుము. ఎనలైజరు లేని బాయిలరు వంటిది కార్బురేటరు. సూది అరిగినా, ఫ్లోటు ఎత్తు మారినా, గాలి వేడెక్కినా, ఇంధనమే మారిపోయినా అది పాత లెక్కనే అప్పగించును.

ఇంధనం మారినది

ఈ చివరి మాట ముఖ్యమైనది. 2023 ఫిబ్రవరి నుండి మన దేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు విక్రయం మొదలైనది. మొదట 2030కి అనుకొన్న లక్ష్యాన్ని ముందుకు జరిపి 2025లో చేరుకొన్నారు. పెట్రోలు ఒక కిలో పూర్తిగా మండుటకు సుమారు 14.7 కిలోల గాలి కావలెను. ఇథనాల్‌కు 9 కిలోలు చాలును. ఘనపరిమాణంలో 20 శాతం కలిపినపుడు బరువులో ఇథనాల్ వంతు దాదాపు 21 శాతం. లెక్క కట్టగా మిశ్రమానికి కావలసిన గాలి 13.5 కిలోల వద్ద తేలును. 14.7కు చెక్కిన సూది ఇప్పుడు ఇంజనుకు అవసరమైన దాని కన్న సుమారు 8 శాతం పలుచని మిశ్రమాన్ని ఇచ్చుచున్నదన్న మాట. ఇంజను వేడెక్కుట, మిస్సింగ్, చలిలో స్టార్టు కాకపోవుట మొదలైనవాటికి ఇది ఒక కారణం.

రెండవ కారణం రబ్బరు. ఆ కాలపు గొట్టాలు, డయాఫ్రములు, కార్కు గాస్కెట్లు ఇథనాల్‌ను ఉద్దేశించి చేసినవి కావు. మెత్తబడును, ఉబ్బును, పొడియై జెట్‌లో చేరును. ఇథనాల్ నీటిని కూడ పీల్చుకొనును. సూరత్ వానాకాలపు గాలిలో నెలల తరబడి కదలకుండా నిలిపిన కారు ట్యాంకులో తుప్పు పట్టుటకు అంతకన్న ఏమి కావలెను?

ఇక్కడ నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెప్పవలెను. కేవలం ఈ కారణం చేత ఎవరూ కార్బురేటరును పారవేయనక్కరలేదు. ఇథనాల్‌ను తట్టుకొనే గొట్టాలు, సీళ్ళు వేసి, కొంచెం చిక్కని మిశ్రమమిచ్చే సూది మార్చి, ట్యాంకు శుభ్రం చేసి, కారును పక్షానికొకసారైనా నడిపితే చాలవరకు సరిపోవును. ఖర్చు కూడ ఇంజక్షన్‌తో పోలిస్తే అతి స్వల్పం. ఈ మాటే మొదట కుమారునితో అంటిని. అతడు విని, "అంకుల్, రేపు పెట్రోలులో పాలు మళ్ళీ మారితే మళ్ళీ సూది మార్చాలా?" అన్నాడు. ప్రశ్న సబబైనదే.

ఒక పాత గుణపాఠం

ఎలక్ట్రానిక్ ఇంజక్షన్ మొదటిసారి వచ్చినపుడు జరిగిన సంగతి ఇచ్చట చెప్పదగినది. అమెరికాలో బెండిక్స్ కంపెనీ రూపొందించిన ఎలక్ట్రోజెక్టర్ అను వ్యవస్థను 1958 నమూనా క్రైస్లర్ కార్లు కొన్నిటికి అమర్చినారు. ఆ కాలపు ఎలక్ట్రానిక్ విడిభాగాలు బానెట్ క్రింది వేడికి, అదురుకు నిలువలేదు. అమ్మిన కార్లలో చాలవాటికి తిరిగి కార్బురేటర్లు బిగించవలసి వచ్చినది! ఆ పేటెంట్లు తరువాత బాష్ కంపెనీకి చేరినవి. 1967లో వోక్స్‌వాగన్ 1600లో బాష్ వారి డి-జెట్రానిక్ విజయవంతమైనది. ఎగ్జాస్టులో ఆక్సిజన్‌ను పసిగట్టే లాంబ్డా సెన్సారు 1976లో వోల్వో కార్లలో ప్రవేశించినది. బాయిలరు ఎనలైజరు కారుకు వచ్చినది ఆనాడే.

సిద్ధాంతం సరియైనంత మాత్రాన వైరింగు సరియైనది కాదు. మా పనిలో సింహభాగం వైరింగే.

ఇంజను ఒప్పుకొనే పద్ధతి

అంబాసిడర్ ఇంజను బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్, 1489 సి.సి. దీని హెడ్‌లో ఒక విశేషమున్నది. నాలుగు సిలిండర్లకు గాలి లోనికి పోవు ద్వారాలు నాలుగు కావు, రెండే. 1, 2 సిలిండర్లకు ఒకటి. 3, 4 సిలిండర్లకు ఒకటి. ఫైరింగ్ ఆర్డరు 1-3-4-2 గనుక ఒకే ద్వారాన్ని పంచుకొనే రెండు సిలిండర్లు వెంటవెంటనే పీల్చును: 3 తరువాత 4, 2 తరువాత 1. మొదటిది పూర్తిగా మూసుకొనక మునుపే రెండవది తెరచుకొనును. ఆ తరువాత ఆ ద్వారానికి చాలసేపు విశ్రాంతి. ఒకే కుండలో ఇద్దరు అన్నదమ్ములు వరుసగా చేయి పెట్టినట్లు!

కనుక మారుతి వలె సిలిండరుకొక ఇంజక్టరు పెట్టుదామన్న ఆలోచన ఇక్కడ చిక్కులు తెచ్చును. ద్వారం వద్ద చిమ్మిన పెట్రోలు ఇద్దరిలో ఒకరికి ఎక్కువ, మరొకరికి తక్కువ పోవును. ఇదే రకపు హెడ్ గల బ్రిటిష్ మినీ కారు విషయంలో రోవర్ కంపెనీ ఏమి చేసినదో చూడుడు. 1991లో థ్రాటిల్ బాడీ వద్ద ఒకే ఇంజక్టరు గల పద్ధతిని తెచ్చినది. 1996లో రెండు ఇంజక్టర్ల పద్ధతికి పోయినది. చిమ్మే క్షణాన్ని కచ్చితంగా నియంత్రించినందున అది సాధ్యమైనది. షెడ్డులో చేసుకొనేవారికి మొదటి మార్గమే క్షేమం. కార్బురేటరు ఉన్న చోటనే, అవే బోల్టుల మీద, ఒక థ్రాటిల్ బాడీ, అందులో ఒక ఇంజక్టరు. మిశ్రమం మానిఫోల్డు లోనికి పోకముందే కలియును గనుక పంపకం పాత పద్ధతిలోనే జరుగును. ఎగ్జాస్టు వేడి తగులుచుండే పాత మానిఫోల్డును కూడ అట్లే ఉంచవలెను. ఆ వేడి లేకపోతే పెట్రోలు గోడలకు తడిగా అంటుకొనును.

ఇంజక్టరు పరిమాణమెంత? ఈ ఇంజను గరిష్ఠ శక్తి దాదాపు 50 అశ్వశక్తి, అనగా 37 కిలోవాట్లు. కిలోవాట్ గంటకు సుమారు 0.33 కిలోల పెట్రోలు చొప్పున గంటకు 12 కిలోలు, నిమిషానికి 200 గ్రాములు, అనగా సుమారు 270 మిల్లీలీటర్లు. ఇంజక్టరును పూర్తి కాలం తెరచి ఉంచరాదు, 80 శాతం మించకుండ చూడవలెను. కావున నిమిషానికి 340 మిల్లీలీటర్లు. ఇథనాల్ కొరకు మరో 8, 10 శాతం కలుపుకొంటే 370 ప్రాంతం. చేతిలో ఈ లెక్క లేకుండ దుకాణంలో దొరికినది తెచ్చి బిగించినవారి కార్లు ఐడిలింగులో గురగురలాడుటకు కారణం వెదకనక్కరలేదు.

పంపు, కరెంటు, భద్రత

పాత యాంత్రిక పంపు ఇచ్చు పీడనం 0.2 నుండి 0.3 బార్. థ్రాటిల్ బాడీ ఇంజక్టరుకు సుమారు 1 బార్, మల్టీపాయింట్‌కు 3 బార్ ప్రాంతం కావలెను. పీడనం పెరుగుట వలన ఒక లాభం: పెట్రోలు మరుగు స్థానం పెరిగి వేసవిలో వేపర్ లాక్ బెడద తగ్గును. సూరత్ ఎండలో ఆ కారు దారిలో ఆగుటకు ముఖ్య కారణం అదే. నష్టం ఏమనగా, పాత గొట్టం కారితే చుక్కలుగా కారును. పీడనమున్న గొట్టం పగిలితే వేడి ఎగ్జాస్టు మీదకు చిమ్మును. కావున ఇంజక్షన్ కొరకే తయారైన గొట్టం, సరియైన క్లిప్పులు, ట్యాంకుకు తిరిగి పోవు రిటర్న్ లైను తప్పనిసరి. ఇంజను తిరుగుట ఆగిన వెంటనే కంప్యూటరు పంపును ఆపవలెను. ప్రమాదంలో కుదుపు తగిలినపుడు కరెంటు కోసే ఇనర్షియా స్విచ్ కూడ పెట్టవలెను. ఈ రెండింటిలో దేనినైనా "తరువాత చూద్దాం" అన్న మెకానిక్ చేతికి కారు ఇవ్వకుడు.

ఇక కరెంటు. పాత డైనమో ఐడిలింగులో దాదాపు ఏమీ ఇవ్వదు. పంపు, ఇంజక్టరు, కంప్యూటరు, వేడిచేయు ఆక్సిజన్ సెన్సారు కలిసి నిరంతరం కరెంటు కోరును. కావున ఆల్టర్నేటరు ముందు, ఇంజక్షన్ తరువాత. అలనాటి బ్రిటిష్ నమూనాలలో చాలవాటికి బ్యాటరీ ధనధ్రువం చాసిసీకి కలిపి ఉండెడిది. అటువంటి కారైతే అది కూడ ముందే మార్చవలెను, లేనిచో కొత్త కంప్యూటరు మొదటి నిమిషంలోనే కాలిపోవును.

డిండోలి కారుకు క్రాంక్ పుల్లీ మీద 36 పళ్ళకు ఒకటి లోపించిన చక్రం బిగించినారు. ఆ లోపించిన పంటి చోటును బట్టి కంప్యూటరు పిస్టను స్థానం గుర్తించును. మానిఫోల్డు పీడనం, గాలి ఉష్ణోగ్రత, నీటి ఉష్ణోగ్రత, థ్రాటిల్ కోణం చూపు సెన్సార్లు, సైలెన్సరు గొట్టంలో లాంబ్డా సెన్సారు. తీగలన్నీ కుమారుడే కట్టినాడు. ఎలక్ట్రానిక్ జకార్డులో వేల కొక్కేలకు సంకేతాలు పోవుచుండగా పక్కన మోటార్లు ఆడుచుండును. అక్కడ నాయిస్ రాకుండ తీగలు ఎట్లు వేయవలెనో అతనికి అలవాటే. సెన్సారు తీగలను ప్లగ్గు తీగలకు దూరంగా, షీల్డును ఒకే కొసన ఎర్త్ చేసి వేసినాడు. ఆ పని చూచి నేను చెప్పవలసినది ఏమీ లేకపోయినది.

పెద్దాయన ప్రశ్న

పనికి ముందు పెద్దాయన అడిగిన ప్రశ్న మాత్రం వైరింగు కన్న బరువైనది. "కార్బురేటర్ ఖరాబైతే నేనే ఇప్పి కడుక్కుంట. గీ డబ్బా ఖరాబైతే ఎవ్వలు జూస్తరు సారూ?" యాభై ఏళ్ళుగా ఆ కారును ఆయన పరాయి చేతిలో పెట్టలేదు. స్క్రూడ్రైవరు, గుడ్డపేలిక, నోటితో ఊదుట - ఇవే పనిముట్లు. ఇంజక్షన్ వచ్చిన నాటి నుండి ఆ కారు ఆయన చేయి దాటిపోవును. దీనిని వృద్ధుల మొండితనమని కొట్టివేయుట తప్పు. మన ప్లాంటులలో కూడ పాత న్యూమాటిక్ కంట్రోలర్ల స్థానంలో కొత్త వ్యవస్థలు వచ్చినపుడు అనుభవజ్ఞులైన టెక్నీషియన్లు ఇదే ప్రశ్న వేయుదురు.

చివరకు కుదిరిన ఒప్పందం ఇది. ఇంజను మీద గాని, బాడీ మీద గాని ఒక్క కొత్త రంధ్రం వేయరాదు. పాత కార్బురేటరు, సూది, యాంత్రిక పంపు శుభ్రం చేసి, నూనె రాసి, డిక్కీలో ఉంచవలెను. అవసరమైతే ఒక పూటలో వెనుకటి స్థితికి తేగలగవలెను. కంప్యూటరు డాష్‌బోర్డు క్రింద, వేడికి, వాన నీటికి దూరంగా ఉండవలెను. దేనికి ఏ తీగ పోవునో రంగులతో సహా తెలుగులో వ్రాసిన కాగితం గ్లవ్ బాక్సులో ఉండవలెను.

చట్టం సంగతి కూడ కొంత చర్చించితిమి. 2021 జూలైలో కేంద్రం ప్రకటించిన నియమాల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుండి 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న వాహనాలకు వింటేజ్ రిజిస్ట్రేషన్ లభించును. రుసుము 20,000 రూపాయలు. ఈ కారు 2024లో ఆ వయస్సు దాటినది. అయితే వింటేజ్ వాహనాన్ని నిత్య అవసరాలకు రోడ్డు మీద నడపరాదు, ఇంజనులో పెద్ద మార్పులు చేసి ఉండరాదు. ప్రదర్శనలో నిలబెట్టదలచినవారు ఇంజక్షన్ జోలికి పోకపోవుటే మేలు. పెద్దాయనకు ప్రదర్శన అక్కరలేదు, ఆదివారం బజారుకు, పండుగకు బంధువుల ఇంటికి పోవలెను. కనుక సాధారణ రిజిస్ట్రేషనునే పునరుద్ధరించుకొన్నారు. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెప్పుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దానిని మరింత గట్టిగా వివరించినది. ఇటువంటి పని తలపెట్టినవారు ముందుగా ప్రాంతీయ రవాణా కార్యాలయం వారిని, బీమా సంస్థను వ్రాతపూర్వకంగా సంప్రదించవలెను. వీరు అట్లే చేసినారు.

నడిచిన తీరు

మొదటి రోజు ఇంజను అంటుకొన్నది గాని ఐడిలింగు నిలువలేదు. సెన్సారు మిశ్రమం పలుచగా ఉన్నదని చెప్పుచుండెను, ప్లగ్గులు చూస్తే మసిబారి ఉండెను. సెన్సారుకు పైన ఎగ్జాస్టు జాయింటులో సన్నని లీకు. దాని గుండా బయటి గాలి లోనికి పోయి సెన్సారును ఏమార్చగా, కంప్యూటరు లేని పలుచదనాన్ని సరిదిద్దుటకు ఇంకా పెట్రోలు పోయుచుండెను. కొత్త గాస్కెట్ వేయగానే కుదుటపడినది. తరువాత కొన్ని ఆదివారాలు లాప్‌టాప్ ఒడిలో పెట్టుకొని కుమారుడు, స్టీరింగు పట్టుకొని తండ్రి. ఏ వేగంలో, ఏ లోడులో ఎంత పెట్రోలు అన్న పట్టికను గడి గడిగా సరిచేసినారు. ఎక్కడ పికప్ తడబడుచున్నదో తండ్రి పాదానికి లాప్‌టాప్ కన్న ముందే తెలిసేది. "గీడ కొంచెం ఎండిపోతుంది, సూడు" అనెడివాడు. తెర మీద చూస్తే నిజమే.

ఇప్పుడు తెల్లవారి ఒక్క సెల్ఫుకు కారు అంటుకొనుచున్నది. పెట్రోలు వాసన పోయినది. శక్తి పెరిగినదని ఎవరైనా అనిన నమ్మకుడు, హెడ్ అదే, కంప్రెషన్ అదే. ఇంజక్షన్ నయం చేయలేనిది ఒకటి మిగిలినది. 2000 ఫిబ్రవరి నుండి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్ముచున్నారు. సీసం ఉన్న కాలానికి తయారైన పోత ఇనుము హెడ్‌లో ఎగ్జాస్టు వాల్వు సీట్లు మెల్లమెల్లగా లోనికి అరుగును, టాపెట్ సందు మూసుకుపోవును. ఈ కారుకు తరచుగా సందు సరిచేయవలసి వచ్చుచున్నది. దీపావళి సెలవులలో మగ్గాలు ఆగినపుడు హెడ్ విప్పి, గట్టి సీట్లు వేయించుటకు తండ్రీకొడుకులు నిర్ణయించుకొన్నారు. ఆ విప్పే పని మాత్రం తనదేనని పెద్దాయన ముందుగానే చెప్పి ఉంచినాడు.